హాజరు పట్టీలో ఇరవైమూడు

తాడేపల్లిగూడెం,
3 జూన్ 2024

హరిణికి,

మీ మామ్మ ఏలూరులో లెక్కల టీచరుగా చేసిందని వార్డులో ఎవరికో చెప్పినట్టు రాశావు. తప్పు. నేను చదువుకున్నది ఏలూరు. చదువు చెప్పింది మండవల్లి. ఇప్పుడు మీ నాన్న మేడమీద కూర్చుని అందరికీ వంకలు పెడుతున్నది తాడేపల్లిగూడెం. ఒంట్లో ఏ నరం ఎక్కడుందో తెలుసుకోవలసిన పిల్లవి, మామ్మ ఎక్కడ ఉండేదో తెలియకపోతే ఎలా?

రెండో సంగతి. "ఇంకా ఈ ఉత్తరాలేమిటమ్మా, మామ్మని ఫోన్ చెయ్యమను" అన్నావట. మీ అమ్మ ఉదయశ్రీ నాకు చెప్పదనుకున్నావా? ఫోన్లో నువ్వు "ఊ" అంటావు. కాగితం మీద ఒక్క "ఊ" రాసి స్టాంపు అంటించలేవు కదా, అందుకని. నువ్వు ఎంబీబీఎస్‌లో చేరినప్పుడు పెట్టుకున్న ఒప్పందం ఇది. సర్జరీ పీజీ అయ్యేదాకా చెల్లుతుంది.

ఇక్కడ కబుర్లు పెద్దగా లేవు. కింద కొట్లో కొత్త ఉల్లిపాయలు దిగాయి. వాటి ఘాటుకి పైన మేమందరం ఏ కారణం లేకుండానే ఏడుస్తున్నాం. ఎదురు కొట్టు లక్ష్మీకాంతం మనవడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందట, రోజుకి రెండుసార్లు వచ్చి చెబుతోంది. నాకు చెప్పుకోవడానికి నువ్వున్నావు కాబట్టి ఓపికగా వింటున్నాను.

నిన్న ఆదివారం పొద్దున్న పేపరు చదువుతుంటే ఎడమకంటి మీదకి పైనుంచి బూడిదరంగు తెర దిగింది, కొట్టు షట్టరు దించినట్టు. ఒక కన్ను మూసి చూశాను, మళ్లీ రెండోది మూసి చూశాను. కుడికన్నుకి ఏమీ లేదు, ఎడమదే చీకటి. గడియారం చూసుకున్నాను. సరిగ్గా ఐదు నిమిషాలకి షట్టరు పైకి లేచింది. నొప్పీ గిప్పీ లేదు. ఆ కంట్లోనే కదా పోయినేడు శుక్లం తీసి లెన్సు పెట్టింది, అది జారిందన్నమాట. పెట్టిన డాక్టరుగారికి ఫోన్ చేశాను. "ఒకసారి రండమ్మా, చూస్తాను" అన్నారు. "జారింది మీరు పెట్టింది కదండీ, మీరే రావాలి" అన్నాను.

బుర్ర సరిగ్గా ఉందో లేదో చూసుకుందామని 1988 పదో తరగతి బి సెక్షను హాజరు చదివాను. నలభై రెండు నెంబర్లూ వరసగా వచ్చాయి. ఇరవైమూడు దగ్గర ఎప్పటిలాగే ఆగాను. నీకు జడలు వేస్తూ చదివేదాన్ని, గుర్తుందో లేదో.

అన్నం వేళకి తిను.

మామ్మ
(రత్నాంబ, బి.ఎస్సీ., బి.ఇడి., మండవల్లి)

*

విశాఖపట్నం,
6 జూన్

మామ్మా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. ఆ నిమిషంలోనే ఫోన్ చేస్తే "రోగాల సంగతి ఫోన్లో మాట్లాడను, రాయి" అని పెట్టేశావు. రాస్తున్నాను. ఇది నీకు చేరేలోపే నాన్న నిన్ను ఏలూరు తీసుకెళ్లి మెడకి స్కానింగ్ చేయిస్తాడు. అవును, నాన్నకి చెప్పేశాను. ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు. కానీ ముందు వెళ్లు.

లెన్సు జారితే ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి కూర్చోదు మామ్మా. గుండె నుంచి మెదడుకి నెత్తురు తీసుకెళ్లే పెద్ద కాలవలు రెండు, మెడలో చెరోవైపూ పోతాయి. నీ ఎడమ కాలవలో పూడిక పేరుకుని ఉంటుందని నా అనుమానం. అందులోంచి చిన్న పెళ్ల విరిగి, కంటికి వెళ్లే పిల్లకాలవకి అడ్డుపడి, కరిగిపోయింది. నీ షట్టరు అదే. ఈసారి కంటికి వెళ్లింది. వచ్చేసారి మెదడుకి వెళ్తే పక్షవాతం. మొదటి రెండు వారాల్లోనే ఆ ప్రమాదం ఎక్కువ.

కళ్లు విడివిడిగా మూసి చూశానని రాశావే, ఆ ఒక్క వాక్యం మా యూనిట్ పెద్ద డాక్టరు ఫణీంద్ర సార్‌కి చదివి వినిపించాను. "ఎవరీవిడ? మన స్టూడెంట్ల కంటే నయంగా కేసు రాసింది" అన్నారు.

ఇక నుంచి కుడిచేతి పట్టు జారినా, మాట తడబడినా, రెండు నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఆ క్షణమే నాన్నకి చెప్పు. లెక్కలు వేసుకుంటూ కూర్చోకు.

హాజరు నాకెందుకు గుర్తుండదు? ఇరవైరెండు అనేదానివి, ఇరవైమూడు అనేదానివి, దువ్వెన ఆగేది. మళ్లీ ఇరవైనాలుగు దగ్గర కదిలేది. ఎందుకని అడిగితే "తల తిప్పకు" అనేదానివి.

హరిణి

*

తాడేపల్లిగూడెం,
9 జూన్

హరిణికి,

మీ నాన్నకి చెప్పినందుకు తిట్లు ఇంకో ఉత్తరంలో. ఇందులో చోటు చాలదు.

ఏలూరు వెళ్లొచ్చాం. మీ నాన్న కృష్ణమోహన్ దారి పొడుగునా "ఏం కాదమ్మా, ఏం కాదమ్మా" అంటూ కారు ఎద్దుబండిలా నడిపాడు. అక్కడ మెడకి చల్లటి జిగురు పూసి, చిన్న ఇస్త్రీపెట్టెలాంటిది పెట్టి అటూ ఇటూ రాశారు. లోపల నెత్తురు పారే చప్పుడు వినిపించారు. కుడివైపు వరిచేలోకి నీళ్లు వదిలినట్టుంది. ఎడమవైపు ఇరుకు తూములోంచి ఈల వేసినట్టుంది. ఎవరూ చెప్పకముందే నాకు అర్థమైంది. రిపోర్టులో ఎడమది ఎనభై శాతం మూసుకుపోయిందని రాశారు. నా జీవితంలో ఎనభై శాతం వచ్చినందుకు ఇంట్లో వాళ్లు ఏడవడం ఇదే మొదలు. నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలు ఇచ్చారు. తొందరలోనే ఆపరేషన్ చేయించుకోమన్నారు.

ఇప్పుడు నా ప్రశ్న. మండవల్లిలో ఏటా చూసేదాన్ని, కాలవ పూడిక తీసేముందు పైన అడ్డుకట్ట వేస్తారు. అంతసేపూ కింద చేలకి నీళ్లుండవు. చేలంటే నాలుగు రోజులు ఓర్చుకుంటాయి. మరి నా బుర్ర?

దీనికి జవాబు రాయి. ఆపరేషన్‌కి మాత్రం ఒప్పుకున్నాను, ఎందుకంటే చేసేది నువ్వు. లక్ష్మీకాంతానికి చెప్పేశాను. "మా హరిణి చేత్తోనే మెడ కోయించుకుంటానండీ" అంటే ఆవిడ నోరు తెరిచింది, చాలాసేపు మూయలేదు. బెంగుళూరు ఉద్యోగం ఊసు అప్పటి నుంచీ లేదు. వీధిలో మిగతావాళ్లకి ఆవిడే చెబుతోంది.

ఇరవైమూడు గురించి అడిగావు కాబట్టి చెబుతున్నాను, నువ్విప్పుడు తల తిప్పినా ఫర్వాలేదు. ఆ నెంబరు సలోమిది. లంక ఊరి నుంచి దోనెలో వచ్చేది. నేను బోర్డు మీద లెక్క పూర్తిచేసేలోపు తను నోటితో జవాబు చెప్పేసి, నా పరువు తీసేది. ఆ ఏడు కార్తీకంలో వాళ్ల నాన్నకి ఎక్కడో చేపల చెరువు కాపలా దొరికింది. ఇంటిల్లిపాదీ వెళ్లిపోయారు, టీసీ అయినా తీసుకోలేదు. హెడ్మాస్టరుగారు పేరు కొట్టెయ్యమన్నారు. "టీసీ తీసుకోని పిల్ల పేరు కొట్టెయ్యాలని ఏ జీవోలో ఉందో చూపించండి సార్" అన్నాను. వెతుకుతానన్నారు. ఆ వెతుకులాట సంవత్సరాంతం దాకా సాగింది. నేను రోజూ ఇరవైమూడు అని పిలిచి, ఆగి, ఇరవైనాలుగుకి వెళ్లేదాన్ని. తలుపు దగ్గర "ప్రెజెంట్ మేడమ్" అంటూ నిలబడుతుందేమోనని. నిలబడలేదు. అలవాటు మాత్రం నిలబడింది.

తారీకు చెప్పు. నీ కత్తి పదును పెట్టుకో.

మామ్మ

*

విశాఖపట్నం,
12 జూన్

మామ్మా,

ముందు నీకు నచ్చని సంగతి. ఆపరేషన్ చేసేది నేను కాదు. ఫణీంద్ర సార్ చేస్తారు. నేను పీజీ రెండో ఏడులో ఉన్నాను. ఈ ఆపరేషన్ నా అంతట నేను చేసే స్థాయికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. ఒకవేళ వచ్చినా, సొంతవాళ్ల మీద కత్తి పెట్టరు. చెయ్యి వణుకుతుంది. లక్ష్మీకాంతంగారికి అలా చెప్తావని నాకెలా తెలుస్తుంది? నేను చేస్తానని ఎక్కడ రాశానో చూపించు.

నీ ప్రశ్నకి జవాబు. అడ్డుకట్ట వేస్తారు, నిజమే. ఆ కాసేపూ మెదడుకి అవతలివైపు కాలవ నుంచీ, వెనకవాటి నుంచీ నెత్తురు అందాలి. కొందరికి చాలుతుంది, కొందరికి చాలదు. అది తెలుసుకోవాలంటే నువ్వు మెలకువగా ఉండి మాట్లాడుతూ ఉండాలి. అందుకని సార్ మత్తు మెడ వరకే ఇప్పిస్తారు. నీ కుడిచేతిలో ఒక కీచుబొమ్మ పెడతారు. మాట ఆగినా, బొమ్మ ఆగినా, నీళ్లు చాలడం లేదని అర్థం. అప్పుడు అడ్డుకట్ట మీదుగా సన్నటి గొట్టం వేసి నెత్తురు దాటిస్తారు. ఆ గొట్టం దూర్చడంలో కూడా పెళ్ల విరిగే ప్రమాదం ఉంది. అందుకే నిజంగా అవసరమైతేనే వేస్తారు.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పాలి. నాలుకని కదిలించే నరం, గొంతు నరం అక్కడికి దగ్గరలోనే ఉంటాయి. అవి నలిగితే కొన్నాళ్లు నాలుక పక్కకి పోవచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. నూటికి ఇద్దరు ముగ్గురికి ఆపరేషన్‌లోనే పక్షవాతం రావచ్చు. చేయించుకోకపోతే అంతకంటే చాలా ఎక్కువమందికి వస్తుంది.

మంగళవారం, 18వ తారీకు. సోమవారానికి ఇక్కడ ఉండాలి. ఒప్పుకో మామ్మా.

హరిణి

*

తాడేపల్లిగూడెం,
15 జూన్, ఉదయం

హరిణికి,

నువ్వు చెయ్యనన్నావు. సరే. నేనూ చేయించుకోనంటున్నాను. లెక్క సరిపోయింది.

చేస్తానని ఎక్కడ రాశానో చూపించమన్నావు. నీ ఉత్తరాలు మూడుసార్లు తిరగేశాను, ఎక్కడా లేదు. తప్పు నాదే. అది ఒప్పుకోవడం ఆపరేషన్ కంటే నొప్పిగా ఉంది. వీధి అంతటికీ చెప్పినదాన్ని ఇప్పుడు ఏ మొహంతో కిందకి దిగను? లక్ష్మీకాంతం రోజూ "తారీకు పెట్టారా అండీ" అని అడుగుతోంది. నిన్న పూలు కూడా తెచ్చింది. ఊరికే తెచ్చినట్టు లేదు.

నాలుక సంగతి ఉదయశ్రీకి చదివి వినిపించాను. "అయ్యో అత్తయ్యగారూ, అయ్యో" అంది. మొదటి అయ్యోకీ రెండోదానికీ మధ్య కాస్త వ్యవధి ఉంది. నేను గమనించాను.

చెయ్యి వణుకుతుందన్నావు. పదేళ్లప్పుడు నా కళ్లజోడు ఊడిపోతే ఆవగింజంత మర సూదిమొనతో బిగించిన చెయ్యి అది. ఎవరి చెయ్యి వణుకుతుందో నాకు తెలియదా? నువ్వు

ఇక్కడ అక్షరాలు కిందకి జారిపోయాయి, చూశావుగా. పెన్ను చేతిలోంచి జారిపడింది. వంగి తీసుకోబోతే వేళ్లు నా మాట వినలేదు. ఉదయశ్రీని పిలవబోయాను. పేరు నోట్లోనే ఉంది, బయటికి రాలేదు. గడియారం ఎదురుగానే ఉంది. నాలుగు నిమిషాలు. ఇప్పుడు అంతా మామూలుగానే ఉంది. ఈ అక్షరాలు చూడు, గుండ్రంగానే ఉన్నాయి.

ఈ కాగితం చింపేసి ఫెయిర్ కాపీ రాయవచ్చు. నువ్వు ఎప్పటికీ కనుక్కోలేవు. కానీ ముప్ఫై అయిదేళ్లు పిల్లలకి చెప్పాను, కొట్టివేతలు ఉన్నా ఫర్వాలేదు, లెక్క ఎక్కడ తప్పిందో కనపడాలి అని. అందుకని ఇలాగే ఉంచుతున్నాను.

మీ నాన్నకి చెప్పాను. నువ్వు చెప్పినట్టే, లెక్కలు వేసుకుంటూ కూర్చోలేదు. కారు తీస్తున్నాడు, ఈసారి ఎద్దుబండిలా కాదు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. నేనే పట్టుకొస్తున్నాను. నా కంటే ముందు ఇది చదువు.

లక్ష్మీకాంతానికి ఏం చెప్పాలో తర్వాత ఆలోచిస్తాను. అందుకు బుర్ర ఉండాలి కదా.

మామ్మ

*

విశాఖపట్నం,
2 జూలై

మామ్మా,

నువ్వు ఇంటికి వెళ్లి వారం అయింది. ఇక్కడున్నన్నాళ్లూ నాతో ఒక్కమాట మాట్లాడలేదు. పలక తెప్పించుకుని "ఇడ్లీ చల్లారింది" అని రాసి చూపించావు. డాక్టర్లందరికీ తల ఊపావు, నేను వస్తే గోడవైపు తిరిగావు. నేను కొయ్యలేదన్న కోపం ఇంకా పోలేదని అర్థమైంది. అందుకే ఆ రోజు లోపల ఏం జరిగిందో రాస్తున్నాను. నువ్వు అక్కడే ఉన్నావు గానీ, ఆకుపచ్చ గుడ్డ కింద ఉన్నావు.

ముందురోజు సార్ నన్ను పిలిచి, "మెడ సంగతి నేను చూసుకుంటాను, మనిషి సంగతి నువ్వు చూసుకో. గుడ్డ కింద ఆవిడ చెయ్యి దగ్గర కూర్చో" అన్నారు. కూర్చున్నాను. నీ కుడిచేతిలో పసుపుపచ్చ రబ్బరు బాతు. మత్తు డాక్టరుగారు "రేపు ఏం వారమండీ" అని అడిగితే, "ఇవాళ మంగళవారమని మీకు తెలుసా, తెలియక అడుగుతున్నారా" అన్నావు. అందరూ నవ్వారు. తర్వాత సార్ "అడ్డుకట్ట వేస్తున్నాను" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

"హాజరు చదువు మామ్మా" అన్నాను. మొదలుపెట్టావు. నెంబరు, పేరు, బాతు కీచు. నెంబరు, పేరు, కీచు. అవతల కత్తెరల చప్పుడు. "ఇరవైఒకటి, వీరదుర్గ." కీచు. "ఇరవైరెండు, ఏడుకొండలు." కీచు. "ఇరవైమూడు."

కీచు. తర్వాత ఏమీ లేదు.

"మాట ఆగిందా?" అన్నారు సార్. "ఆగింది సార్" అన్నారు మత్తు డాక్టరుగారు. "గొట్టం ఇవ్వండి" అన్నారు. నాకు మన మేడమీద గచ్చు, నా తల వెనక ఆగిపోయిన దువ్వెన గుర్తొచ్చాయి. "సార్, వద్దు. ఆవిడ ఇరవైమూడు దగ్గర ఎప్పుడూ ఆగుతారు. అది ఖాళీ నెంబరు. బాతు నొక్కారు సార్, చెయ్యి పనిచేస్తోంది" అన్నాను. రెండో ఏడు పీజీ ఆ గదిలో "వద్దు" అనడం ఇంతవరకూ ఎవరూ వినలేదు. సార్ చెయ్యి గొట్టంతో సహా గాలిలో ఆగింది. నాలుగు సెకన్లు మామ్మా. నాలుగు సెకన్లలో మనిషి ఎంత ముసలిదైపోతుందో నాకు తెలిసింది. నేను తప్పయితే...

"ఇరవైనాలుగు, కామేశ్వరి" అన్నావు. కీచు.

"ప్రెజెంట్" అన్నారు మత్తు డాక్టరుగారు. సార్ గొట్టం ట్రేలో పెట్టేశారు. నలభై రెండూ అయ్యాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టావు. రెండోసారి ఇరవైమూడు దగ్గర గదిలో అందరూ నీతోపాటు ఆగారు. పూడిక మొత్తం ఒకే ముక్కగా వచ్చింది, చిటికెనవేలి చివరంత. అడ్డుకట్ట తీశాక సార్ నావైపు చూసి, "పేషెంటు గురించి ఇంత తెలిసిన డాక్టరుని నేను చూడలేదు" అన్నారు.

నేను కొయ్యలేదు. కానీ ఊరికే కూర్చోలేదు మామ్మా. అది నీకు తెలియాలి.

హరిణి

*

తాడేపల్లిగూడెం,
6 జూలై

హరిణికి,

నాలుగు సెకన్లు కాదు. నేను ఆగేది పది అంకెలు లెక్కపెట్టేంతసేపు. 1988 నుంచీ అంతే, ఒక్కనాడూ మారలేదు. మొదటివి మీ మాటల్లో పోయాయి, భయంతో మీరు చివరి నాలుగే లెక్కపెట్టారు. సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి ఆ గదిలో పెట్టుకోమని ఫణీంద్రగారికి చెప్పు.

కోపం అన్నావు. మనిద్దరిలో ఒకరికి మనుషుల్ని చదవడం రాదు, ఆ ఒకరు నేను కాదు. ఆపరేషన్ అయ్యాక నోరు తెరిస్తే లారీ రివర్సు వస్తున్న చప్పుడు వచ్చింది. నలభై రెండు మందిలో వెనక బెంచీ దాకా, అరవకుండా వినిపించిన గొంతు నాది. నీకు ఒక మాట చెప్పాలనుకున్నాను. దాన్ని ఆ గొంతుతో చెప్పదలుచుకోలేదు. చెప్పకుండా నీ మొహం చూస్తూ ఉండలేక గోడవైపు తిరిగాను. ఇడ్లీ మాత్రం నిజంగానే చల్లారింది.

నాలుక తిన్నగానే ఉంది. ఉదయశ్రీ వచ్చి రోజూ చూసి వెళ్తోంది. గొంతు రోజురోజుకీ మెరుగవుతోంది, నిన్న కింద కొట్లో గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. కుట్లు మానాయి. మెడ మీద గాటుకి కొంగు కప్పుకోమన్నారు. కప్పుకోలేదు. నగ పెట్టుకుంటే కప్పుకుంటామా?

లక్ష్మీకాంతం వచ్చింది. గాటు దగ్గరగా చూసి, "ఎంత సన్నగా కోసిందండీ మీ హరిణి" అంది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే వీధి అంతా అదే అనుకునేది. "కోసింది మా హరిణి కాదండీ, ఫణీంద్రగారు" అన్నాను. ఆవిడ మొహం వెలిగింది, బెంగుళూరు మళ్లీ నోటిదాకా వచ్చింది. "మరి హరిణి ఏం చేసిందండీ?" అంది. నీ ఉత్తరం తీసి, ఇరవైఒకటి దగ్గర మొదలుపెట్టి, ఈ బొంగురు గొంతుతోనే చదివాను. ఇరవైమూడు దగ్గర ఆగాను. ఆవిడ ఊపిరి బిగపట్టింది. ఇరవైనాలుగు చదివాక కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు కాదు, కొట్టు మూసి ఉంది. "కొయ్యడం ఎవరైనా నేర్చుకుంటారండీ. కొయ్యబోయే పెద్దాయన చెయ్యి ఆపడం మా పిల్ల ఎక్కడ నేర్చుకుందో" అన్నాను. ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలుసు. ఆవిడకి చెప్పలేదు.

ఆవిడతో అన్న మాటే నీకు చెప్పాలనుకున్నది. కాగితం మీద అయితే బొంగురు వినపడదు.

బడిలో పారేస్తుంటే తెచ్చుకున్న పాత రిజిస్టరు తీశాను. ఇరవైమూడు ఎదురుగా కార్తీకం నుంచి గళ్లన్నీ ఖాళీ. ఆ ఖాళీయే నన్ను కాపాడిందని తెలిశాక, అందులో నీ పేరు రాద్దామని పెన్ను తీశాను. రాయలేదు. అది సలోమి చోటు, వస్తే కూర్చోవాలి. చివర కొత్త పేజీ తెరిచి, నెంబరు ఒకటి, హరిణి అని రాసి, 18-6-24 గడిలో ప్రెజెంట్ వేశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

ఇక పని. నా సంచి సర్దుతుంటే పసుపుపచ్చ బాతు దొరికింది. ఆస్పత్రిది. పొరపాటున వచ్చిందని మీ నాన్న అంటున్నాడు, పొరపాటేమీ కాదు. అది తిరిగి ఇవ్వను. నువ్వు రేపే బజారుకి వెళ్లి అలాంటిదే ఇంకోటి కొని మీ థియేటర్లో పెట్టు. ముసలివాళ్ల అరచేతిలో ఇమిడేది చూడు, మరీ పెద్దది వద్దు. కొట్లోనే మూడుసార్లు నొక్కి చూడు. గట్టిగా కీచుమనాలి. ఈసారి ఆ చెయ్యి ఎవరిదో, వాళ్లు ఏ నెంబరు దగ్గర ఆగుతారో మనకి తెలియదు.

మామ్మ